నాలుగోరోజున పారబోయొద్దు!

పాలు పెరుగవ్వాలంటే తోడు కావాలి. మరి గోధుమ పిండి మెత్తటి రొట్టెగా పొంగాలంటే? దానికీ ఓ తోడు ఉంది. బజార్లో కొనక్కర్లేదు. పిండీ నీళ్లూ కలిపి వారం పదిరోజులు ఓపిక పడితే ఇంట్లోనే తయారవుతుంది. కాకపోతే ఆ ఓపిక సరిగ్గా మధ్యలో, నాలుగో రోజున సడలిపోతుంది. కారణం తెలిస్తే సడలదు!

రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలుపుతాం. తెల్లారేసరికి గడ్డపెరుగు సిద్ధం. రుబ్బిన ఇడ్లీ పిండిని ఓ మూలన పెట్టి మూతేస్తాం. పొద్దున్నే మూత తీస్తే గిన్నె అంచుదాకా పొంగి ఉంటుంది. ఇందులో వింతేముందీ అనుకుంటాం. ఎందుకంటే అమ్మ చేసింది, అమ్మమ్మ చేసింది, మనమూ చేస్తున్నాం. కంటికి కనిపించని జీవులతో పనిచేయించుకోవడం మన వంటింటికి కొత్తేం కాదు.

యూరప్, అమెరికా వంటిళ్లలో ఇదే పని గోధుమ పిండితో చేస్తారు. పిండీ నీళ్లూ కలిపి పులియబెట్టిన ముద్దను దాచుకుంటారు. రొట్టె చేయాల్సిన రోజు అందులోంచి కొంత తీసి పిండిలో కలుపుతారు. మిగిలినదానికి మళ్లీ పిండీ నీళ్లూ పోసి పక్కన పెడతారు. అచ్చం మనం పెరుగులోంచి రేపటికి కాస్త తోడు తీసి ఉంచుకున్నట్టే. ఇలా చేసిన రొట్టె పేరు సోర్‌డో. ఆ దాచిన ముద్ద పేరు స్టార్టర్. తెలుగింట్లో చెప్పుకోవాలంటే పిండికి తోడు. కొన్నిచోట్ల చేమిరి అంటారు, కొన్నిచోట్ల తోడంటు అంటారు... ఏదైనా ఒకటే!

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ప్రపంచమంతా ఇళ్లలో కూర్చుని ఈ తోడు మీద పడింది. చాలాచోట్ల దుకాణాల్లో ఈస్ట్ దొరక్కపోవడం కూడా అందుకో కారణం. ఆ తర్వాత మన నగరాల బేకరీల్లోనూ సోర్‌డో రొట్టెలు కనిపిస్తున్నాయి. మామూలు బ్రెడ్డు కన్నా ధర బాగా ఎక్కువ. ఇంట్లోనే చేద్దామని మొదలుపెట్టేవాళ్లూ పెరిగారు. వాళ్లలో చాలామంది నాలుగైదు రోజులకే ‘పాడైపోయింది’ అనుకుని సీసా కడిగేస్తారు. నిజానికి అప్పుడు పాడయ్యేదేమీ ఉండదు. అసలు పని అప్పుడే మొదలవుతుంది!

బంగారం వేటలో...

ఈస్ట్ పొట్లాల్లో దొరకడం ఈమధ్య కథే. వేల ఏళ్లపాటు పొంగే రొట్టె ఏదైనా పులిసిన పిండితోనో, సారా బట్టీల్లో వచ్చే నురగతోనో చేసిందే. పిండి ఎందుకు పొంగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. పులవడం వెనక ఉన్నది ప్రాణమున్న సూక్ష్మజీవులేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ పాశ్చర్ 1857 నుంచి వరసగా చేసిన పరిశోధనలతో తేలింది. ఆ తర్వాత రొట్టెకు పనికొచ్చే ఈస్ట్‌ను విడిగా పెంచి, అచ్చుల్లో ఒత్తి అమ్మడం మొదలైంది. అమెరికాలోని సిన్సినాటిలో 1868లో ఫ్లైష్‌మన్ సోదరులు పెట్టిన వ్యాపారంతో ఈస్ట్ ఇంటింటికీ చేరింది. రోజంతా పట్టే పని రెండు మూడు గంటలకు తగ్గింది. పాత తోడు మూలన పడింది.

కొన్ని ఊళ్లు మాత్రం వదల్లేదు. వాటిలో శాన్‌ఫ్రాన్సిస్కో ఒకటి. 1849లో బంగారం కోసం జనం అక్కడికి పోటెత్తుతున్న రోజుల్లోనే బుడాన్ అనే బేకరీ మొదలైంది. నాటి తోడునే నేటికీ వాడుతున్నామని ఆ సంస్థ చెప్పుకుంటుంది. 1906లో భూకంపం వచ్చి ఊరు తగలబడుతుంటే యజమానురాలు లూయీస్ బుడాన్ ఆ ముద్దను బకెట్‌లో వేసుకుని బయటపడిందనీ చెబుతారు. అలాస్కా, క్లొండైక్ వైపు బంగారం కోసం వెళ్లినవాళ్లూ ఈ పిండిని వెంట తీసుకెళ్లేవారు. అందుకే అక్కడి పాతకాపులకు ‘సోర్‌డో’ అన్నది మారుపేరైపోయింది.

శాన్‌ఫ్రాన్సిస్కో రొట్టెకు ఆ పులుపు ఎక్కడిదో తెలుసుకోవాలని లియో క్లైన్, ఫ్రాంక్ సుగిహారా అనే శాస్త్రవేత్తలు పట్టుబట్టారు. 1971లో జవాబు దొరికింది. ఆ పిండిలో ఉన్నది ఒక జీవి కాదు, రెండు. ఒకటి ఈస్ట్, రెండోది లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బ్యాక్టీరియా. పిండిలోని మాల్టోజ్ అనే చక్కెరను బ్యాక్టీరియా తింటుంది. అక్కడి ఈస్ట్ దాని జోలికే పోదు, వేరే చక్కెరలతో సరిపెట్టుకుంటుంది. బ్యాక్టీరియా వదిలే పులుపుకి మిగతా సూక్ష్మజీవులు చాలావరకు తట్టుకోలేవు, ఈ ఈస్ట్ తట్టుకుంటుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలన్నమాట... గొడవే లేదు!

ఆ బ్యాక్టీరియాకు ఊరిపేరే పెట్టారు. తీరా చూస్తే అది యూరప్ తోడుల్లోనూ దొరికింది. వేర్వేరు దేశాల నుంచి సేకరించిన 500 తోడులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. ఏ ఊళ్లో తయారైందన్నదాన్ని బట్టి తోడులోని జీవులు పెద్దగా మారవట! అంటే శాన్‌ఫ్రాన్సిస్కోలోనే కాదు, శ్రీకాకుళంలోనైనా సిద్దిపేటలోనైనా మంచి తోడు తయారవుతుంది.

ఇడ్లీకి ఒక్క రాత్రి... దీనికి పదిరోజులా?

ఎవరికైనా వచ్చే సందేహమే ఇది. ఇడ్లీ పిండికి మనం ఏ తోడూ వేయం. అయినా తెల్లారేసరికి పొంగుతుంది. గోధుమ పిండికి ఏమొచ్చింది? దీనికి సమాధానం తెలిస్తే నాలుగోరోజు గండం దాటినట్టే.

ఇడ్లీ పిండిని పొంగించేది ప్రధానంగా ల్యూకోనాస్టాక్ అనే బ్యాక్టీరియా. 1965లో వెలువడిన ఓ పరిశోధనలో ఈ సంగతి తేలింది. మినప్పప్పు, బియ్యాలతోపాటే అది గిన్నెలోకి చేరుతుంది. తడి తగలగానే చురుగ్గా పెరుగుతుంది. పుల్లటి ఆమ్లాన్నీ కార్బన్ డయాక్సైడ్ వాయువునూ వదులుతుంది. మినప్పిండి జిగురు ఆ వాయువును పట్టి ఉంచుతుంది. పొద్దున్నే ఆవిరి మీద పెడితే ఇడ్లీ మెత్తగా ఉబ్బుతుంది. దాని పని ఒక్క రాత్రితో సరి.

గోధుమ పిండిలోనూ ఇదే జాతి బ్యాక్టీరియా ఉంటుంది. పిండీ నీళ్లూ కలిపిన ఒకటి రెండు రోజుల్లో అది విజృంభిస్తుంది. సీసాలో పిండి అమాంతం రెట్టింపవుతుంది. ‘భలే! రెండు రోజుల్లోనే తయారైపోయిందే’ అని సంబరపడతాం. కానీ ఆ పొంగు ఈస్ట్‌ది కాదు. దాన్ని నమ్ముకుని రొట్టె చేస్తే ఇటుకలా వస్తుంది.

ఆ తర్వాత పిండిలో పులుపు పెరుగుతుంది. తాము వదిలిన పులుపునే తట్టుకోలేక ఈ తొలి బ్యాచ్ బ్యాక్టీరియా చల్లబడుతుంది. పులుపును ఇంకా బాగా తట్టుకునే లాక్టోబాసిల్లస్ తరహా బ్యాక్టీరియా వాటి స్థానంలోకి వస్తుంది. పిండిలో అప్పటిదాకా అక్కడక్కడా ఉన్న ఈస్ట్ కణాలు కూడా ఇప్పుడే పెరగడం మొదలుపెడతాయి. కానీ వాటి సంఖ్య చాలినంత అవ్వడానికి రోజులు పడుతుంది. పాతవాళ్లు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు ఇంకా సర్దుకోలేదు. ఆ సందులో సీసా నిశ్శబ్దంగా ఉంటుంది. బుడగ ఉండదు, పొంగు ఉండదు. అదే మూడో రోజు నుంచి అయిదారు రోజులదాకా కనిపించే మాంద్యం. చాలామంది పారబోసేది ఇప్పుడే!

ఏమేం కావాలి?

గోధుమ పిండి: మరపట్టించిన చపాతీ పిండి చాలు. ఈ పనికి జల్లించొద్దు. పొట్టు దగ్గరే సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి. మైదాలో పొట్టు ఉండదు కాబట్టి దాంతో మొదలుపెడితే ఆలస్యమవుతుంది. నెలల తరబడి డబ్బాలో ఉన్న పిండి కాకుండా తాజాది తీసుకోండి.

నీళ్లు: మంచినీళ్లు ఏవైనా ఫర్వాలేదు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లలో క్లోరిన్ వాసన గుప్పున వస్తుంటే కాచి చల్లార్చి వాడండి.

సీసా: వెడల్పు మూతి ఉన్న గాజు సీసా అయితే లోపల ఏం జరుగుతోందో కనిపిస్తుంది. స్టీలు గిన్నె కూడా పనికొస్తుంది. రాగి, ఇత్తడి, అల్యూమినియం వద్దు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పెరుగు తోడుపెట్టం కదా... ఇదీ అంతే. మూత బిగించొద్దు, పైన ఊరికే ఆనించి ఉంచండి. వాయువు బయటికి పోయే దారి ఉండాలి.

వీటితోపాటు తూకం వేసుకోవడానికి చిన్న వంటింటి త్రాసు, సీసాకు చుట్టడానికి ఓ రబ్బరు బ్యాండు ఉంటే చాలు. త్రాసు ఎందుకంటే, కప్పు పిండీ కప్పు నీళ్లూ ఒకే బరువుండవు.

రోజుకు అయిదు నిమిషాలు

మొదటి రోజు: 50 గ్రాముల గోధుమ పిండిలో 50 గ్రాముల నీళ్లు పోసి పొడి పిండి మిగలకుండా కలపండి. గరిటెతో తీస్తే బరువుగా జారాలి. మన చపాతీ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. మరీ గట్టిగా ఉంటే ఇంకో రెండు చెంచాల నీళ్లు పోయండి. పిండి ఎంత ఎత్తులో ఉందో అక్కడ రబ్బరు బ్యాండు పెట్టండి. సీసాలో మూడో వంతుకు మించి పిండి ఉండకూడదు. లేదంటే పొంగినప్పుడు గట్టు మీదికి వస్తుంది.

రెండో రోజు: బుడగలు కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. సీసాలోంచి 50 గ్రాములు మాత్రం ఉంచి మిగతాది తీసేయండి. ఉంచినదానికి 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలపండి. దీన్నే ‘మేత’ అనుకోండి. రబ్బరు బ్యాండును కొత్త ఎత్తుకు జరపండి.

మూడో రోజు: పిండి బాగా పొంగి ఉండొచ్చు. వాసన మాత్రం భరించలేం! తడిసిన మేజోళ్లలాగో, పాడైన జున్నులాగో ఉంటుంది. కంగారొద్దు. అది తొలి బ్యాచ్ బ్యాక్టీరియా నిర్వాకం. నిన్నటిలాగే 50 గ్రాములు ఉంచి, మేత వేయండి. ఈ దశలో రుచి మాత్రం చూడొద్దు.

నాలుగు నుంచి ఆరో రోజు: సీసా మూగబోతుంది. ఇదే పరీక్షా సమయం. రోజుకొక్కసారి, అదే వేళకు మేత వేస్తూ ఉండండి. మధ్యలో ఓ రెండుసార్లు చెంచాతో కలపండి. ‘పాపం ఆకలేస్తోందేమో’ అని రోజుకు రెండు మూడుసార్లు పిండి వేసేవాళ్లుంటారు. అది పొరపాటు. కొత్త పిండి పడేకొద్దీ పులుపు పలచబడుతుంది, అప్పుడే పెరుగుతున్న ఈస్టూ పలచబడుతుంది. పనిలేని కూలీలకు మూడుపూటలా భోజనం పెట్టి కొత్తగా పనిలోకి వచ్చినవాణ్ని బయటికి గెంటినట్టే! అసలేమాత్రం కదలిక లేకపోతే ఒక రోజు మేత మానేసి కలిపి వదిలేసినా నష్టం లేదు.

ఏడో రోజు నుంచి: దుర్వాసన పోయి వాసన మారుతుంది. పుల్లటి పెరుగు, పచ్చి ఆపిల్, కొద్దిగా సారా... ఈ మూడూ కలిసినట్టు ఉంటుంది. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. పొంగడం మళ్లీ మొదలవుతుంది. ఈసారి అది నిజమైన పొంగు. ఇప్పుడు కావాలంటే రోజుకు రెండుసార్లు మేత వేయొచ్చు. పిండిలో సగం మైదా కలుపుకోవచ్చు.

మేత వేసిన నాలుగు నుంచి ఆరు గంటల్లో రెట్టింపవుతూ, వరసగా రెండు మూడు రోజులు అలాగే చేస్తే తోడు సిద్ధమైనట్టే. చెంచాడు తీసి నీళ్లలో వేస్తే తేలాలని కొందరంటారు. తేలితే మంచిదే. కానీ గోధుమ పిండితో చేసినది సిద్ధమైనా ఒక్కోసారి మునుగుతుంది. కాబట్టి రబ్బరు బ్యాండునే నమ్ముకోండి.

మొత్తం లెక్కేస్తే పదిరోజులకు అయ్యే ఖర్చు అరకిలో పిండి.

ఎందుకు తీసేయాలి?

తిండి పదార్థాన్ని రోజూ తీసేయమంటే మన ప్రాణం ఒప్పుకోదు. కానీ తీయకపోతే ఏమవుతుందో చూడండి. మొదటి రోజు ఉన్నది 100 గ్రాములు. దానికి సమానంగా పిండీ నీళ్లూ వేస్తే రెండో రోజుకు 300 గ్రాములు. మూడో రోజుకు 900. నాలుగో రోజుకు 2 కిలోల 700 గ్రాములు. అయిదో రోజుకు 8 కిలోలు దాటుతుంది! పోనీ పిండి తగ్గించి వేద్దామంటే, అంత పెద్ద గుంపుకు ఆ చిటికెడు మేత చాలదు. అందుకే గుంపును చిన్నదిగా ఉంచి కడుపునిండా పెట్టడం.

మొదటి వారం తీసేసినది మాత్రం వాడొద్దు. అందులో ఏయే సూక్ష్మజీవులున్నాయో చెప్పలేం. మొక్కల కుండీలో లోతుగా పూడ్చండి, ఎరువవుతుంది. తోడు స్థిరపడ్డాక తీసేది మాత్రం చుక్క కూడా వృథా కానక్కర్లేదు. ఓ డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో దాచండి. కప్పుడయ్యాక ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు వేసి కాస్త బియ్యప్పిండి కలిపితే పుల్లపుల్లగా గోధుమ అట్లు వస్తాయి. చపాతీ పిండిలో నాలుగు చెంచాలు కలిపి రెండు గంటలు నాననిస్తే పెనం మీద కుల్చాలు మెత్తగా వస్తాయి. పచ్చిపిండి కాబట్టి ఎలా చేసినా బాగా కాల్చాలి.

మన ఎండలకు...

వంట పుస్తకాల్లోని సోర్‌డో లెక్కలు చాలావరకు చలి దేశాలవి. ‘వెచ్చటి చోట పెట్టండి’ అని ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో అలా పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు! ఈ తోడుకు హాయిగా ఉండేది 24 నుంచి 28 డిగ్రీల మధ్య. అంతకు మించితే అన్నీ వేగంగా జరిగిపోతాయి. పొంగు రావడం, దిగిపోవడం, పులిసిపోవడం అన్నీ రాత్రికి రాత్రే!

వేసవిలో మొదలుపెడితే మేతలో కుండనీళ్లు వాడండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే మూలన, మంచినీళ్ల కుండ పక్కన సీసా పెట్టండి. తోడు స్థిరపడ్డాక పాతది తక్కువ ఉంచి మేత ఎక్కువ వేయండి. అంటే 50 గ్రాముల బదులు 20 గ్రాములే ఉంచి, 50 గ్రాముల చొప్పున పిండీ నీళ్లూ వేయాలన్నమాట. తిండి ఎక్కువసేపు సరిపోతుంది. అసలు మొదలుపెట్టడానికి మంచి కాలం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆదిలాబాద్, అరకులలాంటి చోట్ల చలికాలంలో పదిరోజుల పని రెండు వారాలైనా ఆశ్చర్యపోనక్కర్లేదు.

దాచుకోవడం ఎలా?

రోజూ రొట్టెలు చేసుకోం కదా. తోడు స్థిరపడ్డాక మేత వేసి, గంటసేపు బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. వారానికోసారి తీసి మేత వేస్తే చాలు. రొట్టె చేయాలనుకుంటే ముందురోజే బయటికి తీసి ఒకటి రెండుసార్లు మేత వేయాలి. నిద్ర లేవగానే ఎవరూ పరుగెత్తలేరు!

ఊరెళ్లాల్సి వస్తే? చురుగ్గా ఉన్న తోడును శుభ్రమైన కాగితం మీద పల్చగా పూసి, నీడలో వడియంలా ఎండనివ్వండి. పెళుసుగా అయ్యాక చిదిమి డబ్బాలో దాచండి. నెలల తర్వాతైనా నీళ్లలో నానబెట్టి మేత వేస్తే మేలుకుంటుంది. బెల్జియంలోని సెయింట్ విత్ పట్టణంలో 2013 నుంచి ఏకంగా తోడుల గ్రంథాలయమే నడుస్తోంది. ప్యూరాటోస్ అనే సంస్థ దేశదేశాల నుంచి సేకరించిన వందకు పైగా తోడులను అక్కడ ఫ్రిజ్‌లలో నంబర్లేసి పెంచుతోంది.

అక్కడే ఓ సరదా ప్రయోగమూ జరిగింది. 14 దేశాలకు చెందిన 15 మంది రొట్టెలు చేసేవాళ్లకు ఒకే రకం పిండి ఇచ్చి, ఎవరింట్లో వాళ్లను తోడు తయారుచేయమన్నారు. అందరివీ ఒకేలా రాలేదు. ఆశ్చర్యం ఏమిటంటే, తోడులో ఉండే తరహా బ్యాక్టీరియా వాళ్ల చేతుల మీద మామూలు మనుషులకన్నా ఎక్కువగా కనిపించింది. చేయి పిండిని మారిస్తే, పిండి చేతిని మార్చిందన్నమాట. ‘ఫలానావిడ చేత్తో కలిపితేనే ఆ రుచి’ అని మనవాళ్లు అనేది ఉత్తి మాటేం కాదేమో!

తొలి రొట్టె

తోడు సిద్ధమయ్యాక సులువైన లెక్కతో మొదలుపెట్టండి. 500 గ్రాముల పిండి (మూడొంతులు మైదా, ఒక వంతు గోధుమ పిండి), 325 గ్రాముల నీళ్లు, బాగా పొంగి ఉన్న తోడు 100 గ్రాములు, ఉప్పు 10 గ్రాములు. అన్నీ కలిపి మూతపెట్టండి. మొదటి రెండు గంటల్లో అరగంటకోసారి తడిచేత్తో పిండి అంచులు లాగి మధ్యకు మడవండి. ఒకటిన్నర రెట్లు పొంగాక గుండ్రంగా చేసి, పొడి పిండి చల్లిన గుడ్డ పరిచిన గిన్నెలో పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు ఓవెన్‌ను, అందులో పెట్టే మందపాటి మూతగిన్నెతో సహా 230 డిగ్రీలకు బాగా కాగనివ్వండి. ముద్దను అందులో వేసి, పైన చాకుతో ఓ గాటు పెట్టి, మూతతో 25 నిమిషాలు, మూత తీసి మరో 20 నిమిషాలు కాల్చండి. గంటసేపు చల్లారాకే కోయాలి. వేడిమీద కోస్తే లోపల జిగురుగా ఉంటుంది.

మొదటి రొట్టె కాస్త బల్లపరుపుగా రావచ్చు. మొదటి దోసె పెనానికి అతుక్కున్నంత మాత్రాన పిండి పారబోస్తామా ఏంటి?

సందేహాలూ... సమాధానాలూ

పెరుగు కలిపితే త్వరగా అవ్వదా?
అవ్వదు. పెరుగులోని బ్యాక్టీరియా పాలకు అలవాటుపడింది. పిండిలో ఎక్కువకాలం నిలదొక్కుకోలేదు. కావాల్సినవన్నీ పిండిలోనే ఉన్నాయి.

ఆ దుర్వాసన దశను తప్పించుకునే దారే లేదా?
ఒకటుంది. అమెరికాలో కొందరు మొదటి రెండు మూడు రోజులు నీళ్లకు బదులు చక్కెర కలపని అనాసపండు రసం పోస్తారు. పిండి మొదటినుంచే పుల్లగా ఉండటంతో తొలి బ్యాచ్ బ్యాక్టీరియా తల ఎత్తదు. తప్పనిసరేమీ కాదు.

పైన నల్లటి నీళ్లు తేలాయి. పాడైనట్టా?
కాదు, ఆకలేసినట్టు. ఆ నీళ్లు వంపేసి మేత వేయండి.

మరి ఎప్పుడు పారేయాలి?
రెండే సందర్భాలు. పైన దూదిలాగో నూగులాగో తెల్లగా, పచ్చగా, నల్లగా బూజు కనిపించినా... గులాబీ, నారింజ రంగు చారలు కనిపించినా మొత్తం పారేసి, సీసాను మరిగే నీళ్లతో కడిగి మళ్లీ మొదలుపెట్టండి. పైపైన తీసేసి వాడటం వద్దు.

సోర్‌డోలో గ్లూటెన్ ఉండదా?
ఉంటుంది. పులియడం వల్ల కొంత విరుగుతుందేమోగానీ పోదు. గోధుమ పడనివాళ్లు, సీలియాక్ వ్యాధి ఉన్నవాళ్లు దీన్నీ తినకూడదు.

పెరుగులా ఇందులోనూ మంచి బ్యాక్టీరియా ఉంటుందట కదా?
తోడులో ఉంటుంది, రొట్టెలో ఉండదు. ఓవెన్ వేడికి అవన్నీ చనిపోతాయి. అయితే అవి చేసిన మేలు మిగులుతుంది. గోధుమలోని ఫైటిక్ ఆమ్లం తగ్గి, ఇనుము, జింకులాంటివి ఒంటికి పట్టడం సులువవుతుంది. ఆ పులుపు వల్ల రొట్టె త్వరగా బూజు పట్టదు.

ఇక మిగిలింది ఒక్కటే. రేపు పొద్దున పాలు కాచేటప్పుడే ఓ సీసాలో 50 గ్రాముల పిండి, 50 గ్రాముల నీళ్లు కలిపి పక్కన పెట్టండి. మూడో రోజు పొంగితే పొంగిపోవద్దు. నాలుగో రోజు కుంగితే కుంగిపోవద్దు. క్యాలెండర్‌లో ఆ నాలుగో తేదీ చుట్టూ ఇప్పుడే ఓ గుండ్రం గీసి, పక్కన ‘మేత వేయాలి’ అని రాసుకోండి. అంతే!